సెమినరీకి వెళ్ళినది ఒక్కరా, ఇద్దరా?

శతజయంతి సంచికలలో సాధారణముగా బిషప్పుల జీవితములు, మిషనరీ దొరల ప్రయాసలు, దేవాలయముల శంకుస్థాపనలు, పాఠశాలల, ఆసుపత్రుల చరిత్రలు అచ్చవుతాయి. అవన్నీ ఉండవలసినవే. వాటి వలననే మన పిల్లలకు తాతల నాటి సంగతులు తెలుస్తున్నాయి. అయితే ఆ చరిత్రలన్నిటి అడుగున ఒక చిన్న ఇంటి చరిత్ర ఉన్నది. అది ఏ శిలాఫలకము మీదను చెక్కబడలేదు. సంఘకాపరి కావలెనని సెమినరీకి వెళ్ళిన ఒక యువకుడు, అతని భార్య, ఆమె చంకలో ఒక బిడ్డ, చేతిలో ఒక ట్రంకు పెట్టె. ఆ ఇల్లు ఏమి తిన్నది, ఎలా చదివినది, ఎవరు ఆదుకొన్నారు అని మనము ఎప్పుడును వ్రాసి పెట్టుకోలేదు.

గుంతకల్లు వంటి ఊరిలో ఉన్నవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. మనది రైలు జంక్షను. మద్రాసు నుంచి రాయచూరు వరకు ఇనుపదారి 1871లో కలిసిన తరువాత, బళ్ళారి దారి, బెంగుళూరు దారి, నంద్యాల దారి కూడ వచ్చి చేరి, ఈ మెట్టభూమిలో ఒక పట్టణము లేచినది. ఎవరు ఎక్కడికి చదువుకు పోయినా ఈ ప్లాట్‌ఫారము మీదనే వీడ్కోలు చెప్పాలి. సెమినరీ విద్యార్థులకు కూడ ఇక్కడనే చెప్పాము. బండి కదిలేటప్పుడు మనము అతనికి పూలదండ వేసి ప్రార్థన చేశాము. ప్లాట్‌ఫారము మీద మిగిలిపోయిన ఆమె సంగతి తరువాత ఆలోచించామా?

ఈ వ్యాసములో నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. మన తెలుగు సంఘముల తొలి తరములో సెమినరీ అనగా భార్యాభర్తలిద్దరి చదువు. తరువాతి తరములో అది ఒక్కరి చదువు అయినది. ఆ మార్పు వలన మనము పొందినది కొంత ఉన్నది, పోగొట్టుకొన్నదీ కొంత ఉన్నది. ఆ లెక్క ఒకసారి చూచుకొనుట ఈ సంచికకు తగిన పనియే.

పెండ్లి అడ్డు కాదు

ప్రభువు పిలిచిన మొదటి శిష్యులలో పేతురు పెండ్లి అయినవాడు. అతని అత్త జ్వరముతో పడియుండగా ప్రభువు ఆ ఇంటికే వెళ్ళి స్వస్థపరచిన సంగతి సువార్తలు చదివిన వారందరికీ తెలుసు. శిష్యుని పిలిచిన గురువు అతని ఇంటిలోని రోగిని కూడ చూడవచ్చినాడు. పౌలు నాటి సంఘములో అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు డేరాలు కుట్టి జీవించుచు, అపొల్లో వంటి విద్వాంసుని తమ యింట చేర్చుకొని అతనికి మార్గమును మరి పూర్తిగా విశదపరచినారు. అక్కడ బోధించినవారు ఇద్దరును. చదువు, సంసారము, చేతిపని అను మూడును ఒక్క కప్పు క్రిందనే జరిగినవి.

ఈ మాదిరి మన కళ్ళ ఎదుట ఉన్నను, తరువాతి చరిత్రలో భార్య లెక్కలోనికి రాక ఇల్లు దెబ్బతిన్న సందర్భములు కూడ ఉన్నవి. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది విలియం కేరీ గారిది.

కేరీ గారి ఇల్లు నేర్పిన పాఠము

కేరీ గారు చెప్పులు కుట్టు వృత్తిలో ఉండగానే స్వంతముగా లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొన్నారని మనము ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతాము. 1781లో ఆయన డారతీ అను ఆమెను వివాహము చేసుకొన్నారు. ఆమెకు అక్షరజ్ఞానము లేదు. వివాహ రిజిస్టరులో సంతకమునకు బదులు గుర్తు మాత్రము పెట్టినది. 1793లో ఆయన భారతదేశమునకు బయలుదేరునప్పుడు ఆమె రానన్నది. బిడ్డ పుట్టి కొద్ది వారములే అయినది. చివరకు తన చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొనిన తరువాతనే నలుగురు పిల్లలతో ఓడ ఎక్కినది. మరుసటి ఏడు బెంగాలులో అయిదేళ్ళ కుమారుడు పీటరు చనిపోయినాడు. ఆ తరువాత ఆమె మనస్సు చలించి, 1807లో మరణించువరకు కోలుకోలేదు. ప్రక్క గదిలో ఆమె కేకలు వేయుచుండగా ఈ గదిలో కేరీ గారు బైబిలు తర్జుమా చేయుచుండెడివారని ఆయన జీవితచరిత్రలు వ్రాసినవారు చెప్పినారు.

శ్రీరాంపూరు కాలేజీ 1818లో స్థాపింపబడినది. డెన్మార్కు రాజు 1827లో దానికి పట్టాలిచ్చు అధికారమిచ్చినాడు. నేటికిని మన గురువులు పొందుచున్న బి.డి. మొదలైన వేదశాస్త్ర పట్టాలు ఆ శ్రీరాంపూరు సెనేటు పేరనే వచ్చుచున్నవి. ఆ మహావృక్షము క్రింద నీడలో ఉన్నవారందరు డారతీ కేరీని కూడ జ్ఞాపకము చేసుకొనుట న్యాయము. కేరీ గారి గొప్పతనమును తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. చదువుకొన్న భర్తకు, చదువే ఎరుగని భార్యకు మధ్య దూరము పెరిగినప్పుడు, ఆమెను అడుగక ఆమె జీవితమును నిర్ణయించినప్పుడు, ఒక ఇల్లు ఏమి చెల్లించవలసి వచ్చునో ఆ చరిత్ర చూపించుచున్నది.

రామాయపట్నం: ఇంటిల్లిపాది బడి

మన పీఠభూమికి సువార్త లండను మిషను ద్వారా వచ్చినది. ఆ మిషనువారు 1805లో విశాఖపట్నములోను, 1810లో బళ్ళారిలోను, 1822లో కడపలోను పని ప్రారంభించినారు. గుత్తి, గుంతకల్లు ప్రాంతములు ఆ రోజులలో బళ్ళారి జిల్లాలో ఉండెను. 1882లో గాని అనంతపురము జిల్లా వేరుపడలేదు. జిల్లా ఏర్పడుటకు కొద్ది ముందే 1876 నుంచి 1878 వరకు ధాత కరువు వచ్చినది. మన అవ్వతాతల నోట కథలుగా మిగిలిన కరువు అదే. మనుషులు, పశువులు లెక్కకు మిక్కిలిగా నశించిన కాలము అది.

అదే కరువు కోస్తా వైపున నెల్లూరు, ఒంగోలు ప్రాంతములను కూడ తాకినది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, కరువు బాధితులకు కూలి చూపించినారు. ఆయన క్రింద ఉన్న తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలిచి, పగలు పని చూచుచు, విరామములో సువార్త చెప్పినారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఇంతమందికి కాపరులు ఎక్కడ నుంచి రావలెను? ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే సముద్రతీరమున ఒక చిన్న ఊరిలో తయారగుచుండెను.

రామాయపట్నములో 1872లో ఆ మిషనువారు ఒక సెమినరీ తెరచినారు. అందులో చేరినవారిలో పెండ్లి కానివారు అరుదు. కారణము తేటతెల్లము. ఆ కాలమున పల్లెలలో పెండ్లిండ్లు చిన్నతనముననే జరిగెడివి. పైగా జనులు ఒక్కొక్కరుగా గాక కుటుంబములుగా, పేటలుగా విశ్వాసములోనికి వచ్చినారు. కాబట్టి బోధకుడు కాదగిన వయసు వచ్చునప్పటికి అతనికి ఇల్లాలు, ఒకరిద్దరు పిల్లలు ఉండెడివారు. వీరిని భార్యాబిడ్డలను విడిచి రమ్మంటే ఒక్కడును వచ్చియుండడు. అందుచేత వారు కుటుంబములతోనే వచ్చి, సెమినరీ ఆవరణలోని చిన్న చిన్న ఇండ్లలో కాపురముండి చదువుకొన్నారు. భార్యలను కూడ బడిలో కూర్చుండబెట్టినారు. ఓనమాలు రాని స్త్రీలు అక్కడ బైబిలు చదువుట నేర్చుకొన్నారు.

సెమినరీ పుట్టకముందే ఇట్టి మాదిరి ఒకటి ఆ ప్రాంతములో ఉన్నది. 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య, అతని భార్య నాగమ్మ, ఇద్దరును కలిసి తమ జనుల మధ్య పని చేసినారు. మగవారు పోలేని వంటింటి గడపల లోపలికి నాగమ్మ పోగలిగినది. పేరయ్య ఒక్కడే అయియుంటే సువార్త రచ్చబండ వద్దనే ఆగిపోయెడిదేమో. ఈ అనుభవము కళ్ళారా చూచిన మిషనరీలకు, బోధకుని భార్యకు చదువు చెప్పుట దయాధర్మము కాదని, పనికి అవసరమని తెలిసినది.

డోర్నకల్ గుడారములు

ఇదే పాఠమును మరి దీర్ఘముగా నేర్పినది డోర్నకల్. వేదనాయగం శామ్యూలు అజరయ్య గారు తిరునెల్వేలి తమిళులు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతట పేరు పొందిన తరువాత, 1909లో ఆ ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము పక్షమున నిజాము రాజ్యములోని డోర్నకల్‌కు వచ్చినారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళ వయసు. భార్య అన్బు మరియమ్మాళ్, పిల్లలు ఉన్నారు. భార్యాభర్తలిద్దరికీ తెలుగు కొత్త భాష. అనగా ఆయన బిషప్పు కాకముందు, గుడారములో కాపురముండి, పిల్లలను పెంచుకొనుచు, పరభాష అక్షరములు దిద్దిన వివాహిత విద్యార్థి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైనప్పుడు ఈ అనుభవము ఆయన వెంట వచ్చినది.

డోర్నకల్‌లో ఆయన గ్రామోపాధ్యాయులకు, గురువులకు శిక్షణ ఇచ్చినప్పుడు, భార్యలను కూడ చదువులో చేర్చినారు. స్త్రీల పాఠములు అన్బు అమ్మగారి చేతిమీదుగా నడిచినవి. చదువుట, వ్రాయుట, బైబిలు కథలు చెప్పుట, పిల్లల ఆరోగ్యము, ఇంటి శుభ్రత, పాటలు నేర్పుట, ఇవి వారి పాఠములు. పల్లెకు పంపబడినప్పుడు ఆ దంపతులు ఒక జంటగా పోయినారు. భర్త పగలు బడి, రాత్రి ప్రార్థన నడిపితే, భార్య స్త్రీలను కూర్చుండబెట్టినది. అంతకంటే ముఖ్యము, వారి ఇల్లు పల్లె మధ్య ఒక పాఠముగా నిలిచినది. భార్యను కొట్టని ఇల్లు, ఆడపిల్లను బడికి పంపు ఇల్లు, సారాయి రాని ఇల్లు ఎట్లుండునో జనులు ప్రసంగము ద్వారా గాక కంటితో చూచినారు.

పాత రోజులన్నీ బంగారు రోజులని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆనాటి జీతములు చాలీ చాలనివి. స్త్రీలకు నేర్పిన చదువుకు ఒక హద్దు ఉండెను. వారు ఎంత నేర్చినను బలిపీఠము దగ్గరకు వచ్చుటకు వీలు లేదు. సంఘ కమిటీలో వారి మాటకు చోటు లేదు. అయినను ఒక సంగతి వారు సరిగా గ్రహించినారు. పాస్టరేటుకు వెళ్ళేది ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. కనుక తయారు చేయవలసినది ఒక మనిషిని కాదు, ఒక ఇంటిని.

పట్టాల కాలము

తరువాత కాలము మారినది. సంఘస్థుల పిల్లలు హైస్కూలు, కాలేజీ చదువులు చదివినారు. రైల్వేలో, తపాలా శాఖలో, బడులలో ఉద్యోగములు చేయువారికి బోధించుటకు గ్రామ బడి చదువు చాలదు. గురువులకు కూడ పై చదువు కావలసి వచ్చినది. లండను మిషను మొదలైన పలు మిషనులు కలిసి 1910లో బెంగుళూరులో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ పెట్టినవి. అక్కడ చదువు ఇంగ్లీషులో. లండను మిషను సంఘములు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘములోను, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములోను చేరినవి. తెలుగు దేశములో వేర్వేరు సంఘముల సెమినరీలు కూడ ఒక్కటైనవి. రామాయపట్నం, డోర్నకల్, రాజమండ్రి లూథర్‌గిరి విద్యాలయముల వారసత్వముతో 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీ వెలసినది. సామర్లకోటలో 1882లో పుట్టి కాకినాడకు వచ్చిన కెనడియన్ బాప్టిస్టుల సెమినరీ కూడ తరువాత అందులో కలిసినది. 1970 దశకపు తొలి సంవత్సరములలో ఆ కాలేజీ హైదరాబాదుకు తరలి, హుస్సేన్ సాగరు దిగువన స్థిరపడినది.

ఇది గొప్ప మేలు. బాప్టిస్టు, లూథరన్, దక్షిణ ఇండియా సంఘము, మెథడిస్టు విద్యార్థులు ఒక్క బెంచీ మీద కూర్చుండి చదివినారు. పెద్ద గ్రంథాలయము, విద్వాంసులైన ఆచార్యులు, విశ్వవిద్యాలయ స్థాయి పరీక్షలు లభించినవి. వెనుకటికి పొమ్మని ఎవరూ కోరరు.

అయితే ఈ మార్పులో భార్య బల్ల మీద నుంచి మెల్లగా జారిపోయినది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ప్రవేశమునకు ఇంటర్మీడియట్, డిగ్రీ వంటి అర్హత కావలెను. అది భర్తకు ఉన్నది, ఆమెకు లేకపోవచ్చు. సీటు ఒకరికే, స్టైపెండు ఒకరికే, హాస్టలు మంచము ఒకరికే. రామాయపట్నములో ఆమె విద్యార్థిని. పట్టాల కాలములో ఆమె విద్యార్థి భార్య. ఈ రెండు మాటలకు మధ్య ఉన్న దూరము చిన్నది కాదు. విద్యార్థుల భార్యలకు ప్రత్యేక తరగతులు పెట్టిన కాలేజీలు దేశములో లేకపోలేదు. కాని వాటికి పట్టా లేదు, కాబట్టి వాటికి బడ్జెటు కూడ నమ్మకముగా ఉండదు. డబ్బు తగ్గిన ఏడు మొదట ఆగేవి అవే.

గుంతకల్లు నుంచి చూస్తే

మన ప్రాంతము నుంచి వెళ్ళు విద్యార్థి సంగతి విడిగా చెప్పుకోవలెను. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడ నమ్మకము లేని నేల మనది. దేశములో మిక్కిలి తక్కువ వాన పడు జిల్లాలలో మనది ఒకటి. ఎర్ర నేలలో వేరుశనగ, నల్ల నేలలో పత్తి, జొన్న, శనగ, ఏది వేసినా ఆకాశము వైపు చూడవలసినదే.

జూన్ నెలలో తొలకరి పడితే విత్తనమునకు, ఎద్దుల బాడుగకు, ఎరువుకు రూపాయి కావలెను. అదే జూన్ నెలలో కాలేజీ తెరుస్తారు, ఫీజు కట్టమంటారు. అక్టోబరు, నవంబరులలో కాయ పీకు కాలమునకు ఇంటిలో మగమనిషి కావలెను. అదే సమయమునకు అతనికి తరగతులు. మార్చిలో బావులు ఎండి, నీళ్ళ కొరకు స్త్రీలు బిందెలతో వరుసలు కట్టు వేళకు అతనికి సంవత్సర పరీక్షలు. కాలేజీ కేలండరుకు, మన మెట్టసేద్యపు కేలండరుకు ఏనాడును పొత్తు కుదరలేదు. ఈ రెండు కేలండర్ల మధ్య నలిగేది భార్య.

ఆమెను ఊరిలో అత్తమామల యింట విడిచి వెళ్ళితే, సంపాదించవలసిన కొడుకు సెమినరీలో ఉన్నాడు, తినవలసిన కోడలు, మనుమలు ఇంటిలో ఉన్నారు. పంట పండిన ఏడు ఈ మాట ఎవరూ అనరు. పంట పోయిన ఏడు, అనకపోయినా జొన్నరొట్టె వడ్డించేటప్పుడు వినబడుతుంది. ఆమె కాయలు వలిచే కూలికి పోతుంది. బిడ్డకు జ్వరము వస్తే ఆసుపత్రికి తానే ఎత్తుకొని పోతుంది. ఆ రోజులలో ఉత్తరము చేరుటకు నాలుగు రోజులు. ఈ రోజులలో సెల్‌ఫోను ఉన్నది కాని, ఫోనులో బిడ్డ ఏడుపు విని, చేయగలిగినది ఏమీ లేక, మరునాటి గ్రీకు పరీక్షకు క్రియాపదముల పట్టిక వల్లించే తండ్రి బాధ ఉత్తరముల నాటి బాధకంటె తక్కువ కాదు.

ఆమెను వెంట తీసుకొనిపోతే మరొక లెక్క. కుటుంబములకు కాలేజీ ఆవరణలో ఇల్లు దొరికితే అదృష్టము. దొరకకపోతే పట్నములో ఒక్క గది అద్దె. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే ఉయ్యాల, ఆ గదిలోనే హెబ్రీ వ్యాకరణము. పిల్లవాడు నిద్రపోయిన తరువాత పుస్తకము తెరువవలెను, వాడు లేచేలోగా మూయవలెను. వారమంతా తరగతులు. ఆదివారము అతనిని ఏదో ఒక సంఘమునకు సేవ నేర్చుకొనుటకు పంపుతారు. అది చదువులో భాగము. వేసవి సెలవులలో కూడ కొంతకాలము అట్టి పనియే. అప్పుడు భార్యకు మిగిలిన దినము ఏది? విశ్రాంతిదినమును గూర్చి వ్యాసము వ్రాసి మంచి మార్కులు పొందిన విద్యార్థి ఇంటిలో విశ్రాంతిదినము లేకపోవుట వింతగా తోచవచ్చును గాని ఇది చాలా ఇండ్లలో నిజము.

ఇక భార్య టీచరుగానో, నర్సుగానో ఉద్యోగము చేయుచున్న ఇండ్లు ఉన్నవి. వాటిలో సెమినరీ చదువు నిజముగా ఎవరి జీతము మీద నడిచినది? మన మండల వార్షిక నివేదికలలో విద్యార్థులకు చేసిన సహాయము వ్రాయబడి ఉంటుంది. ఆమె జీతము ఏ పద్దులోను కనిపించదు.

నాలుగేళ్ళో అయిదేళ్ళో ఇట్లు గడిచి, పట్టా వచ్చి, అభిషేకము జరిగి, ఆయన పాస్టరేటుకు వస్తారు. ఆ మరునాటి నుంచి ఆమె అమ్మగారు. స్త్రీల సహవాసము ఆమె నడుపవలెను. ఆదివారపు బడి చూడవలెను. అత్తాకోడండ్ల తగవు ఆమె వద్దకే వచ్చును. పురిటి కష్టము, పెండ్లి సంబంధము, తాగి వచ్చిన భర్త సంగతి, అయ్యగారితో చెప్పుకోలేనివన్నీ అమ్మగారితోనే చెప్పుకొంటారు. చావు ఇంటిలో ఆడవారిని ఓదార్చేది ఆమె. అయ్యగారికి ఇన్నేళ్ళ చదువు చెప్పించి, అమ్మగారికి ఒక్క రోజు చదువు కూడ చెప్పించకుండ, ఇద్దరి నుంచీ సమానముగా పని కోరుట మన సంఘముల అలవాటు. ఆమె చక్కగా చేస్తే అది సహజమే అనుకొంటాము. చేయలేకపోతే మాత్రము మాట్లాడుకొంటాము. వెనుకటి రోజులలో చదువురాని పల్లె స్త్రీకి డోర్నకల్‌లో దొరికిన శిక్షణ, నేడు ఇంటర్మీడియట్ చదివిన అమ్మగారికి దొరకకపోతే, మనము ముందుకు వచ్చినట్లా, వెనుకకు పోయినట్లా?

ఇప్పుడు ప్రశ్న మరొక వైపు తిరిగినది

మరొక సంగతి కూడ గమనించవలెను. దక్షిణ ఇండియా సంఘములో 1976లో మొదటి మహిళా ప్రెస్బిటరు అభిషిక్తురాలైనది. 2013లో మన పొరుగున ఉన్న నంద్యాల అధ్యక్ష మండలమునకు ఎగ్గోని పుష్పలలిత గారు ఈ సంఘపు మొదటి మహిళా బిషప్పుగా వచ్చినారు. రామాయపట్నములో బల్ల చివర ఓనమాలు దిద్దిన స్త్రీల మనుమరాండ్ర తరమునకు బలిపీఠము వద్ద చోటు దొరికినది. ఇందుకు దేవునికి స్తోత్రము.

కాబట్టి వివాహితయైన సెమినరీ విద్యార్థి అనగా ఇప్పుడు ఒక తల్లి కూడ కావచ్చును. అప్పుడు బిడ్డను చూచేది ఎవరు? మగ విద్యార్థి చదువుకొంటే భార్య చూచునని లోకము అనుకొన్నది. భార్య చదువుకొంటే భర్త చూచునని లోకము ఇంకా అనుకొనలేదు. ప్రసవమునకు పుట్టింటికి పోవు ఆచారము, పరీక్షల తేదీలు, పాలు త్రాగు బిడ్డ, ఇవన్నీ ఒక్క మనిషి మీద పడతాయి. పిలుపు వచ్చిన స్త్రీని ఆనందముతో పంపుచున్న సంఘము, ఆమె వెనుక ఉన్న ఇంటిని కూడ మోయుటకు సిద్ధపడవలెను. అకుల పేరు ప్రిస్కిల్ల పేరు తరువాత వచ్చిన చోట్లు కూడ లేఖనములలో ఉన్నవని భర్తలు జ్ఞాపకముంచుకొంటే మంచిది.

మనము చేయదగినది

చరిత్ర చదివి ఊరకుండుట మన పద్ధతి కాదు. పెద్ద ఖర్చు లేకుండ ప్రతి పాస్టరేటు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి.

మొదటిది. అభ్యర్థిని ఎన్నుకొనునప్పుడు కమిటీవారు భార్యతో కూడ కూర్చుండి మాట్లాడవలెను. ఆమె ఒప్పుకొన్నదా అని మాత్రమే కాదు, ఆమెకు ఏమి కావలెనో అడుగవలెను. డారతీ కేరీని సకాలములో అడిగినవారు లేరు. మనము అడుగవచ్చును.

రెండవది. స్టైపెండు లెక్క వేయునప్పుడు భోజనము, పుస్తకముల ప్రక్కన పాలు, మందు, పిల్లల బడి ఫీజు, ఏడాదికి రెండు సార్లు రైలు చార్జీ కూడ వ్రాయవలెను. కరువు ఏడు ఈ లెక్కను మరల చూడవలెను. కరువు ఏడు సంఘపు కానుకలు కూడ తగ్గుతాయని కోశాధికారులు అంటారు. నిజమే. అందుకే పంట వచ్చిన ఏడు కొంత విడిగా తీసి ఉంచవలెను. మెట్టసేద్యగాడు విత్తనపు కాయలు తినకుండ దాచుకొన్నట్లు ఇది కూడ దాచవలసిన విత్తనమే.

మూడవది. భార్య ఊరిలో ఉండిపోయిన ఇంటికి నెలకొకసారి స్త్రీల సహవాసమువారు వెళ్ళి రావలెను. ఒట్టి చేతులతో వద్దు. శేరు బియ్యమో, జొన్నలో, బిడ్డకు ఒక చొక్కానో పట్టుకొని వెళ్ళవలెను. ఇది దానముగా గాక బంధుత్వముగా చేయవలెను.

నాలుగవది. అమ్మగారి చదువు. రెండు మూడు నెలలకొకసారి మండలములో ఒకచోట, విద్యార్థుల భార్యలకు కొద్ది దినముల శిక్షణ పెట్టవచ్చును. బైబిలు, ఆరోగ్యము, లెక్కలు వ్రాయుట, తగవులు వినుట, తన మనస్సును తాను కాపాడుకొనుట, ఇవి పాఠములు. బోధించుటకు పింఛను పుచ్చుకొన్న టీచరమ్మలు, నర్సమ్మలు మన సంఘములలో కొదువ లేదు. పసిపిల్లలను ఆడించుటకు యౌవనస్థులు ఉన్నారు. రామాయపట్నం, డోర్నకల్ పెద్దలు మనకంటె తక్కువ వసతులతో ఈ పని చేసి చూపించినారు.

చివరగా ఒక మనవి. ప్రతి పాస్టరేటులోను గురువుల పేర్లు వరుసగా వ్రాసిన పలక గోడ మీద ఉన్నది. అందులో ఆయన వచ్చిన సంవత్సరము, వెళ్ళిన సంవత్సరము ఉంటాయి. ఆ పలక తిరిగి వ్రాయించునప్పుడు ఆయన పేరు ప్రక్కన ఆమె పేరు కూడ వ్రాయించండి. పేరు తెలియకపోతే సంఘములోని ముసలివారిని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. వారు కూడ పోతే చెప్పేవారుండరు. ప్లాట్‌ఫారము మీద ఒక్కరికే దండ వేశామని అనుకొన్నాము గాని, ఈ మండలము కొరకు చదివినదీ, ఆకలి ఓర్చినదీ ఇద్దరును. వారి పిల్లలు ఆ చిన్న గదులలో పుస్తకముల కట్టల మధ్య నిద్రపోయి పెరిగి, నేడు మనతోపాటు ఇదే దేవాలయములో కూర్చుండి ఆరాధించుచున్నారు.